నూనెకు ఓర్చే రబ్బరు

కన్యక ముందు గిల్లుతుంది. ఏ రబ్బరు వస్తువైనా సరే, చేతికి రాగానే అంచున బొటనవేలి గోటితో చిన్న తునక గిల్లి, రెండు వేళ్ళ మధ్య వేడెక్కేదాకా నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. కళ్ళు మూసుకోదు. ఎదురుగా ఉన్న మనిషిని చూస్తూనే ఉంటుంది. తర్వాత ఒక్క మాట చెబుతుంది. నూనెకు ఓర్చేది. ఎండకు ఓర్చేది. దేనికీ ఓర్చనిది, తీసుకోవద్దు.

ప్యారీస్ బజారు వెనక సందులో ఆమె కొట్టు ఎనిమిది అడుగుల వెడల్పు. పైనుంచి గొట్టాలు వేలాడుతుంటాయి. గోడల నిండా వాషర్లు, సీళ్ళు, బెల్టులు, తొడుగులు. అన్నీ నలుపే. చూస్తే ఒకటిగానే ఉంటాయి. నూనె తగిలే చోట ఎండకు ఓర్చే రబ్బరు పెడితే ఉబ్బిపోతుంది. ఎండ తగిలే చోట నూనెకు ఓర్చేది పెడితే పగిలిపోతుంది. ఎన్నూరు నుంచి, వ్యాసర్పాడి నుంచి వచ్చే మెకానిక్కులు పెట్టె మీది ముద్ర చదవరు. ఆమె నోటి వైపు చూస్తారు. "కన్యకమ్మ చెప్పిందా? అయితే సరి" అనేది ఆ సందులో మామూలు మాట.

ఆ విద్య మామగారిది. అది కొడుకు కోటిలింగానికి అబ్బలేదు, కోడలికి అబ్బింది. ముప్పై ఏళ్ళు కోటిలింగం బేరం మాట్లాడాడు, ఆమె వాసన చూసింది.

2021 మే నెలలో ఇద్దరికీ జ్వరం వచ్చింది. పదకొండో రోజు కోటిలింగం పోయాడు. ఆమె బతికింది. ముక్కు బతకలేదు. మొదటిది సందులో అందరికీ తెలుసు. రెండోది ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆగస్టులో కొట్టు తెరిచింది. తునక గిల్లింది, నలిపింది, ముక్కు దగ్గర పెట్టుకుంది. ఏమీ లేదు. మంచినీళ్ళు వాసన చూసినట్టుంది. ఎదుటి మనిషి కాచుకొని ఉన్నాడు. వస్తువు బరువు, అది సాగే తీరు, వేలికి అంటే జిడ్డు చూసి ఊహించి ఒక మాట చెప్పింది. ఆ మాట నిజమైంది. ఆ తర్వాతిదీ నిజమైంది. చెప్పాల్సిన రోజు ఆ విధంగా దాటిపోయింది.

రెండో ఏడు వాసనలు తిరిగి రావడం మొదలైంది. వరస లేదు. ముందు ఇంగువ వచ్చింది. చాలా కాలానికి కిరసనాయిలు. కొన్ని రోజులు అన్నీ వచ్చేవి, కొన్ని రోజులు ఏదీ రాదు. వాటితో పాటు లేని వాసన ఒకటి వచ్చేది. కాలిన రబ్బరు వాసన. ఒక మధ్యాహ్నం ఇంట్లో అందరినీ వీధిలోకి నడిపించింది. ఎక్కడా ఏమీ కాలలేదు. ఆ జ్వరం తర్వాత కొందరికి ఇలా ఉంటుందని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి కొడుకు విఘ్నేష్ ఆమెను ఫైరింజను అనేవాడు.

లేని వాసన ఆమెకు వస్తుందని ఇంట్లోవాళ్ళకు తెలుసు. ఉన్న వాసన రాని రోజులున్నాయని తెలియదు.

నాలుగో ఏడు విఘ్నేష్ కరెంటు కారు కొన్నాడు. కొత్తది కాదు, ఒకరు వాడి అమ్మినది. దాన్ని నడిపేది కోడలు మధుమిత. ఎన్నూరులో ఒక స్కూల్లో లెక్కల టీచరు. ఎనిమిదేళ్ళ సహస్ర చదివేది ఆ స్కూల్లోనే. రోజూ పొద్దున తల్లీకూతుళ్ళు చాకలిపేట ఇంటి నుంచి సముద్రం పక్క రోడ్డున పోతారు. ఒక వైపు ఉప్పుగాలి, ఒక వైపు కంటెయినర్ లారీలు.

మే నెలలో ముందు చక్రాల దగ్గర చప్పుడు వస్తోందని మధుమిత కారును వ్యాసర్పాడికి తీసుకుపోయింది. అక్కడ రైల్వే యార్డు గోడ పక్కన కన్నియప్పన్ షెడ్డు. వ్యాన్లు, చిన్న లారీలు బాగుచేస్తాడు. మామగారి రోజుల నుంచీ కన్యక కొట్లోనే సరుకు కొంటాడు. చక్రాలు విప్పి చూశాడు. బ్రేకును పట్టి ఉంచే ఇనుప పిన్నులు ముందుకూ వెనక్కూ జరుగుతుండాలి. వాటి మీద చిటికెన వేలంత రబ్బరు తొడుగులుంటాయి. అవి ఉప్పుకు చీలిపోయాయి. కొత్తవి కావాలని కొట్టుకు వచ్చాడు.

కన్యక ఆ వారమే వచ్చిన పొట్లం విప్పి ఒక తొడుగు తీసింది. గిల్లింది. నలిపింది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

ఆ రోజు ఏ వాసనా రాలేదు.

"ఏ గ్రీజు పెట్టేది అక్కా?" అన్నాడు కన్నియప్పన్.

"నూనెకు ఓర్చేదే. మామూలు గ్రీజు పెట్టుకో."

అతను నాలుగు కారుకు, ఇంకో డజను షెడ్డుకు తీసుకుపోయాడు. మిగిలినవి ఆమె డబ్బాలో పోసింది. నెల తిరిగేలోగా అవీ అమ్ముడుపోయాయి.

ఆగస్టు చివరి ఆదివారం నలుగురూ కోడంబాక్కంలో చుట్టాలింటికి బయల్దేరారు. ఆ రోజు విఘ్నేష్ నడుపుతున్నాడు. వంతెన దిగి సిగ్నల్ దగ్గర ఆగగానే వాసన వచ్చింది.

"కారు ఆపు."

"ఆగే ఉండాది కదమ్మా."

"పక్కకు తీసి ఆపు. రబ్బరు కాలతా ఉండాది."

విఘ్నేష్ గట్టిగా ఊపిరి పీల్చి చూపించాడు. "నాకేం రాలా. మధూ, నీకేమన్నా వచ్చిందా?"

మధుమిత అద్దం కొంచెం దించి చూసింది. "లేదే" అంది.

"బయల్దేరిందిరా ఫైరింజను."

"అవ్వా, ఇది కరెంటు కారు. ఇందులో ఇంజనే ఇల్లే," అని సహస్ర సగం తమిళంలో నవ్వింది.

పచ్చ లైటు పడింది. కారు కదిలింది. వాసన పోయింది. ఇంకో సిగ్నల్ దగ్గర మళ్ళీ వచ్చింది. కన్యక నోరు తెరవలేదు. ఉన్నదో లేనిదో ఆమెకే తెలియదు. కరెంటు కార్లు కాలిపోవడం ఫోన్లో చూసింది. మొదట సన్నగా తెల్లటి పొగ. ఆ తర్వాత ఎవరూ దగ్గరికి పోలేరు. రోజూ పొద్దున ఆ వెనక సీట్లో సహస్ర బెల్టు పెట్టుకొని కూర్చుంటుంది. చుట్టాలింట్లో పెట్టిన వడ ఆమె తినలేదు.

సోమవారం అమ్మ పోరు పడలేక విఘ్నేష్ కారును సర్వీసు సెంటరుకు తీసుకుపోయాడు. సాయంత్రం ఒక కాగితం తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"చూడు. బ్యాటరీ బాగుండాది, మోటారు బాగుండాది. కంప్యూటర్లో ఒక్క తప్పు లా."

"వాసన చూసినారా?"

"వాసన చూసేదానికి ఆడ ఎవురుండారు? వైరు పెట్టి చూస్తారు."

"ముందు ఛార్జి పెడితే నాలుగు రోజులొస్తా ఉండె. ఇప్పుడు మూడో రోజే పెడతా ఉండారు. అది చెప్పినావా?"

"బ్యాటరీ పాతబడతా ఉండాది. మనుషులు పాతబడలా?"

ఆమె వంటింట్లోకి పోయి ఇంగువ డబ్బా మూత తీసింది. వచ్చింది. ఈ రోజు ముక్కు ఉన్న రోజు. కిందికి దిగి, ఛార్జింగు పెట్టి ఉన్న కారు దగ్గర నిలబడింది. ప్లగ్గు మీద చెయ్యి వేసింది. గోరువెచ్చగా ఉంది. వంగి వాసన చూసింది. ఏమీ లేదు. మధుమితను పిలిచి కారు కదలకుండా ఏసీ వేయమంది. పది నిమిషాలు లోపల కూర్చుంది. ఏమీ లేదు. తాళం తీసి ముందు మూత ఎత్తమంది. వైర్ల చుట్టూ మొహం తిప్పింది. దుమ్ము వాసన, ప్లాస్టిక్ వాసన. ఇంకేమీ లేదు.

కదలనప్పుడు లేదు. తిరిగే వాటిలో ఏదో ఒకటి. లేదా తన తల.

లేని వాసనను ఆమె ఈ నాలుగేళ్ళలో బాగా తెలుసుకుంది. ముక్కు మూసుకున్నా అది పోదు. ఉన్న వాసన అయితే ముక్కు మూస్తే పోతుంది, వదిలితే వస్తుంది. ఆదివారం కంగారులో ఆ పని చేయలేదు.

"రేపు నేనూ వస్తా," అంది కోడలితో.

"ఎన్నూరుకా? ఆడ మీకేం పని అత్తమ్మా?"

"పనేం లా. కూర్చొని వస్తా."

"రేపు పరీక్ష. ఎనిమిదిన్నరకంతా నేను హాల్లో ఉండాల. దోవలో ఆపు ఆపు అనకూడదు."

కన్యక సరేనలేదు. మధుమిత అది గమనించింది.

మంగళవారం పొద్దున ఏడున్నరకు బయల్దేరారు. కన్యక వెనక ఎడమ పక్క కూర్చుంది. సహస్ర కుడి పక్క. తిరువొత్తియూరు దాకా ఏమీ లేదు. గాలి సముద్రం మీదినుంచి వస్తోంది. చేపల వాసన, ఉప్పు వాసన. అన్నీ వస్తున్నాయి. ఇవాళ కూడా ముక్కు ఉన్న రోజే. అది ఆమెకు ధైర్యం ఇవ్వలేదు.

హార్బరుకు పోయే లారీలు వరసకట్టిన చోట కారు నెమ్మదించింది. కదలడం, ఆగడం. కదలడం, ఆగడం. మూడోసారి ఆగినప్పుడు వచ్చింది.

ఆమె ముక్కు మూసుకుంది. పోయింది. వదిలింది. వచ్చింది. మళ్ళీ మూసుకుంది. పోయింది. సహస్ర చూసి తనూ ముక్కు మూసుకుని నవ్వింది. కన్యక నవ్వలేదు.

"మధూ. ఏసీ ఆపి అద్దం దించు."

"లారీల పొగంతా లోపలికొస్తాది అత్తమ్మా."

"దించు."

మధుమిత దించింది. వాసన ఎక్కువైంది. "లారీ క్లచ్చు వాసన ఇది. రోజూ ఉండేదే."

"లారీది నార కాలే వాసన. ఇది రబ్బరు."

కన్యక కుడివైపు జరిగి, సహస్ర మీదుగా వంగి చూసింది. తక్కువ. ఎడమకు వచ్చింది. ఎక్కువ. ముందు సీటు సందులోంచి తల పెట్టింది. ఇంకా ఎక్కువ. ఎడమ పక్క. ముందు చక్రం.

అప్పుడు ఆ వాసన లోపల ఇంకో వాసన తెలిసింది. రబ్బరు ఘాటు అడుగున మైనం. ఆర్పేసిన కొవ్వొత్తి. నూనెకు ఓర్చే రబ్బరు కాలితే ఘాటుగా ముక్కులోకి గుచ్చుతుంది, మైనం ఉండదు. మైనం వాసన వచ్చేది ఎండకు ఓర్చేది. నూనె తగిలితే ఉబ్బేది.

ముందు చక్రంలో, పిన్నుల మీద, నాలుగు తొడుగులు. మే నెల. నూనెకు ఓర్చేదే, మామూలు గ్రీజు పెట్టుకో.

ఆమె ముందు సీటు వీపు తట్టింది.

"కారు ఆపు."

"ఈడ ఎట్టా ఆపేది? వెనక లారీ ఉండాది. ఇంకో పది నిమిషాలు అత్తమ్మా."

"పది నిమిషాలు వద్దు. ఆపు."

"అత్తమ్మా, నిన్ననే కదా చూపించినాము! ఏమీ లేదని కాగితం ఇచ్చినారు కదా!"

"బిడ్డను దించు. తర్వాత నువ్వు ఎట్టైనా పో."

మధుమిత అద్దంలో ఆమె మొహం చూసింది. వెనక లారీవాడు హారను మీదినుంచి చెయ్యి తీయడం లేదు. మూసి ఉన్న టీ కొట్టు పక్కన ఇసుక మేట ఉంది. కారును అందులోకి దించింది. కన్యక సహస్ర బెల్టు విప్పి, చెయ్యి పట్టుకుని, సముద్రం వైపు రాళ్ళ దాకా నడిపించి నిలబెట్టింది.

"ఈడ్నించి కదలొద్దు."

"అవ్వా, నా నీళ్ళ బాటిలు..."

"అదే కావాల."

బాటిల్ తీసుకుని కారు దగ్గరికి వచ్చింది. వెనక కుడి చక్రం ఊచల సందులోంచి లోపలి బ్రేకు పళ్ళెం మీద కొంచెం నీళ్ళు పోసింది. జారిపోయాయి. వెనక ఎడమ. జారిపోయాయి. ముందు కుడి. కొంచెం ఆగి ఆరాయి. ముందు ఎడమ చక్రం మీద పోయగానే చుయ్‌మంది. నీళ్ళు ఆవిరై లేచాయి. ఆవిరి పోయాక కూడా సన్నటి పొగ పోలేదు.

మధుమిత నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడు నాకూ వస్తా ఉండాది," అంది.

ఆటో ఒకటి దొరికింది. తల్లీకూతుళ్ళు అందులో స్కూలుకు పోయారు. పోయే ముందు మధుమిత అత్తగారి భుజం ఒకసారి పట్టుకుని వదిలింది. కన్యకకు ఆ చెయ్యి బరువుగా అనిపించింది.

కన్నియప్పన్‌కు ఫోన్ చేసింది. ముప్పావు గంట పడుతుందన్నాడు. తర్వాత విఘ్నేష్ ఫోన్ వచ్చింది. మధుమిత చెప్పినట్టుంది.

"అమ్మా, నువ్వు బాగుండావా? నీ మాట వినకపోతిమి. తప్పు మాదే." అన్నాడు. "ఆ కన్నియప్పన్ చేసిన పనే ఇది. లారీ మెకానిక్ చేతికి ఇయ్యొద్దని నేను చెప్పినానా లేదా? రానీ వాణ్ణి."

ఆమె చక్రం మీది పొగను చూస్తూ ఉంది.

"అమ్మా? వినిపిస్తా ఉండానా?"

"లారీల చప్పుడు," అని ఫోన్ పెట్టేసింది.

రాయి మీద కూర్చుంది. చక్రం నుంచి పొగ తగ్గుతోంది. వాసన తగ్గుతోంది. ఏమీ చెప్పకపోతే ఇది ఎలా ముగుస్తుందో ఆమెకు కనబడుతోంది. ఫైరింజను అన్న నోళ్ళే ఇకమీద ఆమె ముక్కును పొగుడుతాయి. సందులో ఈ కథ చెప్పుకుంటారు. కంప్యూటరుకు దొరకనిది కన్యకమ్మకు దొరికింది. కన్నియప్పన్ నాలుగు తిట్లు తింటాడు. అతను తిట్లకు అలవాటుపడ్డ మనిషి.

అలలు రాళ్ళను కొడుతున్నాయి. ఆమె లేచి, కారు చుట్టూ ఒకసారి తిరిగి, మళ్ళీ కూర్చుంది.

కన్నియప్పన్ స్కూటరు మీద వచ్చాడు. కాళ్ళ దగ్గర జాకీ, పానాల సంచి. దిగుతూనే నవ్వాడు.

"ఏందక్కా, కరెంటు కారుకు కూడా నేనే కావాల్సి వచ్చెనే. ఎంత కరెంటైనా కాళ్ళు మామూలు కాళ్ళే గదా."

చక్రం చల్లారేదాకా ఆగి విప్పాడు. బ్రేకును చేత్తో ఊపి చూశాడు. కదల్లేదు. నవ్వు ఆపేశాడు. పానాతో తిప్పాడు, సుత్తితో తట్టాడు. పై పిన్ను రానే లేదు. చివరకు మెలితిప్పి లాగితే తొడుగుతో సహా ఊడి వచ్చింది. తొడుగు నానిన శనగలా ఉబ్బి ఉంది. ఒక పక్క కాలి బొగ్గయింది. బ్రేకు పట్టీ అట్టముక్కంత మిగిలింది.

"ఉబ్బి పిన్నును బిగించేసింది," అన్నాడు. "బ్రేకు పట్టింది పట్టినట్టే ఉండాది, విడవలా. ఇంకో నాలుగు రోజులు తిరిగుంటే..." పట్టీని పక్కన పడేశాడు. "ఈ కారు కాలు తీస్తేనే నెమ్మదిస్తాది కదక్కా, బ్రేకు తొక్కే పని తక్కువ. అందుకే పాపం ఆ అమ్మకు తెలీలా. ఛార్జి అంతా దీన్ని లాగేదానికే పోయుంటాది."

తొడుగును అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూశాడు. గ్రీజు తుడిచాడు. ఆమె వైపు చూడకుండా అన్నాడు.

"నా తప్పే అనుకుంటానక్కా. మీరు ఓర్చేదంటే అది ఓర్చేదే. నా గ్రీజు డబ్బాలో ఏదో కలిసుంటాది. పెట్రోలో, తిన్నరో. షెడ్డులో పిల్లోళ్ళు ఏది ఏందాంట్లో ముంచుతారో. మీ అబ్బాయికి నేనే చెప్తాలే."

లారీ ఒకటి పోయింది. దాని దుమ్ము వాళ్ళ మీద పడింది. కన్యక ఆ దుమ్ము దిగేదాకా ఆగింది.

"గ్రీజు మంచిదే."

"మరి?"

"అది నూనెకు ఓర్చేది కాదు. ఎండకు ఓర్చేది. నేను తప్పు చెప్పినా."

"మీరా?" కన్నియప్పన్ మళ్ళీ నవ్వాడు. "ఊరుకోండక్కా."

"ఆ పొద్దు నాకు వాసన రాలా."

"జలుబా?"

"జలుబు కాదు. ఆయన పోయిన కాడ్నించి ఇంతే. ఒక పొద్దు వస్తాది, ఒక పొద్దు రాదు."

అతను లెక్కపెడుతున్నట్టు ఆమెను చూశాడు. "ముక్కు దగ్గర పెట్టుకొంటిరే. నేను ఎదురుగానే నిలబడి ఉంటిని."

"పెట్టుకొన్నా."

"ఊరికేనా?"

"ఊరికే."

కన్నియప్పన్ ఇసుకలో కూర్చుండిపోయాడు. చేతిలో పానా అలాగే ఉంది.

"మీ మామ ఉన్నప్పుడు, తెలీకపోతే తెలీదనేవాడు. నూనెలో ఏసి పెట్టి రేపు రా అనేవాడు. ఎన్నిసార్లు నన్ను తిప్పినాడో. నేను తిరగలేదా అక్కా? మీరు రేపు రమ్మంటే రానా?"

"వచ్చుంటావు."

"మరి ఎందుకు చెప్పలా?"

"ఒక పొద్దు చెప్పకపోతే ఇంకో పొద్దు చెప్పలేకపోతిని," అంది.

"బిడ్డ తిరిగే కారక్కా ఇది. మీ బిడ్డే." అతని గొంతు పెరిగింది. "నేను ఇంకో మూడు వ్యాన్లకు పెట్టినాను ఇవే. ఆ మూడింట్లోనూ మనుషులుండారు."

"తెలుసు."

"ఏం తెలుసు! నాలుగేళ్ళుగా నాకిచ్చిన సరుకులో ఏది వాసన చూసి ఇచ్చినారు, ఏది ఊరికే ఇచ్చినారు?"

"నాకే తెల్లేదు."

అతను లేచి స్కూటరు దాకా పోయాడు. పోతాడేమో అనుకుంది. అక్కడ నిలబడి ఎవరికో ఫోన్ చేసి, కొలతలు చెప్పి, తొడుగులు నాలుగు, పట్టీలు ఒక జత, ఏ రబ్బరునూ ఉబ్బించని తెల్ల గ్రీజు తెమ్మన్నాడు. తిరిగి వచ్చి, "ఈ పొద్దు సరుకు మీ కొట్లోది కాదు," అన్నాడు. అన్నాక మొహం తిప్పుకున్నాడు.

అతను పిన్నులను ఉప్పుకాగితంతో రుద్దాడు. తుప్పు పోయి ఇనుము తెల్లబడేదాకా రుద్దాడు. ఆమె నీళ్ళు పట్టుకుంది, గుడ్డ అందించింది. సరుకు వచ్చింది. కొత్త తొడుగుల లోపల తెల్ల గ్రీజు పూసి పిన్నులు ఎక్కించాడు. వేలితో నెట్టితే జరిగాయి, లాగితే వచ్చాయి. కుడి చక్రం కూడా విప్పాడు. అక్కడ తొడుగులు ఉబ్బాయి కాని ఇంకా కాలలేదు. వాటినీ మార్చాడు. జాకీ మీద ఉండగానే చక్రాన్ని చేత్తో తోశాడు. నాలుగు చుట్లు తిరిగి తనంతట తనే ఆగింది.

స్కూలు దాకా కారును అతనే నడిపాడు. గేటు దగ్గర దిగి నాలుగు చక్రాల మీదా నీళ్ళు పోశాడు. నాలుగింటి మీదా జారిపోయాయి. తాళం చెవి ఆమె చేతిలో పెట్టాడు.

"నా మూడు వ్యాన్లు నేను చూసుకొంటా. మిగతావి ఎవరికిచ్చినారు?"

"ఐదుగురికి. మొహాలన్నీ గుర్తుండాయి."

"మొహాలుంటే చాలు," అని, స్కూటరు వదిలిన చోటికి ఆటో ఎక్కి వెళ్ళిపోయాడు.

సాయంత్రం అన్నాల దగ్గర ఆమె ఇంట్లో చెప్పింది. ఎక్కువ మాటలు వాడలేదు. విఘ్నేష్ కలిపిన ముద్ద కంచంలోనే ఉంచాడు.

"కన్నియప్పన్‌కు చెప్పేసినావా?"

"చెప్పినా."

"వాడు సందులో చెప్తాడా?"

"తెల్లేదు."

"అమ్మా, తాత పేరు మీద నడిచే కొట్టు అది. ముక్కు లేకుండా నాలుగేళ్ళు అమ్మినామని తెలిస్తే మన మెట్టెక్కే మనిషి ఉండడు. కన్నియప్పన్ తన వ్యాన్లు ఎట్టాగూ చూసుకొంటాడు. మిగతా ఐదుగురికి ఫోన్ చేసి, కంపెనీ సరుకులో లోపముందంట, మార్చుకోండి అని చెప్తే సరిపోదా?"

అది తెలివైన మాటే.

"సరుకులో లోపం లా," అంది కన్యక. "నా మాటలో ఉండాది. సరుకని చెప్తే, నా మాట మీద కొన్న మిగతావన్నీ ఎవురు విప్పి చూస్తారు?"

మధుమిత లేచి ఆమె కంచంలో మజ్జిగ పోసింది. విఘ్నేష్ చెయ్యి కడుక్కున్నాడు.

మర్నాడు పొద్దున కన్యక కొట్టు తెరవలేదు. ఆరు గంటల బస్సెక్కి ఎన్నూరులో దిగింది. వాగు ఒడ్డున, చేపల వ్యాన్లు నిలిచే చోట ఉన్న షెడ్డుకు పోయింది. మెకానిక్ పళ్ళు తోముకుంటున్నాడు. ఆమెను చూసి నోట్లో నురుగుతోనే లేచి నిలబడ్డాడు.

"ఏందమ్మా, మీరు ఈడికొచ్చినారు? కబురు పెడితే నేనే వస్తును గదా."

"జూన్లో నా దగ్గర బ్రేకు తొడుగులు కొన్నావు. ఏ బండికి పెట్టినావు?"

అతను ఉమ్మేసి, రోడ్డు వైపు చెయ్యి చూపించాడు. "మా బావమరిది వ్యానుకు. తెల్లారుజామునే లోడు ఏసుకొని గుమ్మిడిపూండికి పోయినాడు. ఎందుకు?"

"ఆయన నంబరు చెప్పు."

అతను చెప్పాడు. ఆమె తన ఫోన్లో ఒక్కొక్క అంకె నొక్కింది. చాలాసేపు మోగింది. అవతల ఎత్తారు. ఇంజను చప్పుడు, గాలి. ఆమె తన పేరు చెప్పింది. కొట్టు పేరు చెప్పింది. బండి పక్కకు తీసి ఆపమంది.